పంపిన ఈ-మెయిల్‌ చేరడం లేదా?

గుంటూరు: మిర్చి సీజన్‌లో ధర పూటకో తీరుగా ఉంటుంది. కొలంబోలోని కొనుగోలుదారు ఉదయం కొటేషన్‌ అడిగాడనుకుందాం. ఇక్కడి ఎగుమతిదారు మధ్యాహ్నానికల్లా ఈ-మెయిల్‌ పంపుతారు. రెండు రోజులు గడిచినా జవాబు రాదు. బేరం కుదరలేదని ఈయన, పట్టించుకోలేదని ఆయన అనుకుంటారు. నిజానికి ఆ లేఖ అవతలివారి స్పామ్‌ ఫోల్డర్‌లో పడి ఉంటుంది. జీమెయిల్‌లోనైతే 30 రోజుల తర్వాత దానంతటదే చెరిగిపోతుంది కూడా. చేజారిన బేరానికి కారణమేమిటో ఇరువురికీ తెలియదు.

అయాచిత వాణిజ్య ఈ-మెయిల్‌ కొత్తదేమీ కాదు. 1978 మే 3న అమెరికాలో డిజిటల్‌ ఎక్విప్‌మెంట్‌ సంస్థ ఉద్యోగి ఒకరు తమ కంప్యూటర్ల ప్రచారానికి అర్పానెట్‌లో కొన్ని వందల మందికి ఒకేసారి పంపిన సందేశాన్నే మొదటి స్పామ్‌గా చెబుతారు. తొలినాళ్ల వడపోత యంత్రాంగాలు ప్రధానంగా లేఖలోని పదాలను చూసేవి. ‘ఉచితం’, ‘బహుమతి’ వంటి మాటలు మానేస్తే చాలునని మన వ్యాపారుల్లో పలువురు నేటికీ నమ్మడం అందువల్లనే. పదాలను ఇప్పటికీ చూస్తారు. అయితే అంతకంటే ముందు అడిగే ప్రశ్న వేరు: ఈ లేఖ నిజంగా ఆ సంస్థ నుంచే వచ్చిందా?

చిరునామాకు మూడు సాక్ష్యాలు

దీనికి జవాబు సంస్థ డొమైన్‌కు చెందిన డీఎన్‌ఎస్‌ రికార్డులలో ఉండాలి. మొదటిది ఎస్‌పీఎఫ్‌. మా పేరుతో ఫలానా సర్వర్లు మాత్రమే ఉత్తరాలు పంపవచ్చునని ప్రకటించే జాబితా ఇది. బిల్లింగ్‌ సాఫ్ట్‌వేర్‌ మార్చినప్పుడో, కొత్త ప్రచార సేవ తీసుకున్నప్పుడో ఈ జాబితాలో చేర్చడం మరిచిపోవడం తరచుగా జరిగే పొరపాటు. రెండోది డీకిమ్‌. కవరుపై లక్క ముద్ర వంటిదన్నమాట. దారిలో లేఖను మారిస్తే ముద్ర సరిపోలదు. మూడోది డీమార్క్‌. పై రెండింటిలో ఒకటైనా లేఖపై కనిపించే చిరునామాతో సరిపోలకపోతే ఏం చేయాలో ఇది చెబుతుంది: ఊరకే గమనించాలా, స్పామ్‌లో వేయాలా, తిరస్కరించాలా అన్నది సంస్థ ఇష్టం. తొందరపడి మొదటే తిరస్కరించమంటే సొంత ఇన్‌వాయిస్‌లే ఆగిపోతాయి. కొన్ని వారాలు నివేదికలు చూసి, ఆపై కట్టుదిట్టం చేయడం మేలు.

ఇదంతా పెద్ద కంపెనీల బెడద అనుకోరాదు. మీ డొమైన్‌ పేరుతో మోసగాళ్లు విదేశీ కొనుగోలుదారుకు ‘మా బ్యాంకు ఖాతా మారింది’ అని రాస్తే, సొమ్ము వారి ఖాతాకు పోతుంది. అటువంటి నకిలీని అడ్డుకునేదీ ఈ ఏర్పాటే.

2024 నుంచి కఠినం

గూగుల్‌, యాహూ సంస్థలు 2024 ఫిబ్రవరి నుంచి నిబంధనలను బిగించాయి. జీమెయిల్‌ ఖాతాలకు రోజుకు 5,000కు పైగా సందేశాలు పంపేవారికి ఈ మూడూ తప్పనిసరి. ప్రచార లేఖలైతే ఒక్క నొక్కుతో జాబితా నుంచి వైదొలగే వీలుండాలి. స్పామ్‌ అని ఫిర్యాదు చేసేవారి శాతం 0.3కు చేరకూడదు, 0.1 లోపు ఉంటే మంచిది. మైక్రోసాఫ్ట్‌ కూడా 2025 మేలో ఔట్‌లుక్‌ ఖాతాలకు ఇటువంటి నియమాలనే తెచ్చింది. తక్కువ పంపేవారికీ ఎస్‌పీఎఫ్‌, డీకిమ్‌లలో ఒకటైనా ఉండాలని గూగుల్‌ చెబుతోంది.

చాలామంది చేసే మరో తప్పిదం జీమెయిల్‌ చిరునామానే పెట్టుకుని, వేరొక ప్రచార సేవ ద్వారా వందలాది మందికి పంపడం. ఆ సేవ సర్వర్లు గూగుల్‌వి కావు కనుక అది నకిలీగా కనిపిస్తుంది. సొంత డొమైన్‌కు ఏడాదికి అయ్యే ఖర్చు తప్పిపోయిన ఒక్క ఆర్డరు ముందు లెక్కలోనిది కాదు. డబ్బిచ్చి కొన్న చిరునామాల జాబితాలైతే అసలే వాడరాదు. వాటిలో మూతపడ్డ చిరునామాలు, స్పామ్‌ పంపేవారిని పట్టుకోవడానికి ఉంచిన ఉచ్చులు ఉంటాయి. ఒకసారి చెడిన డొమైన్‌ పేరు బాగుపడటానికి చాలా కాలం పడుతుంది.

పరీక్షించడం సులభమే. సంస్థ చిరునామా నుంచి మీ జీమెయిల్‌కే ఒక లేఖ పంపండి. కంప్యూటర్‌లో దాన్ని తెరిచి, పక్కనున్న మూడు చుక్కలను నొక్కి ‘షో ఒరిజినల్‌’ ఎంచుకోండి. మూడింటి ఎదుటా ‘పాస్‌’ అని లేకపోతే, ఆ పేజీని మీ వెబ్‌సైట్‌ చూసే కుర్రాడికి చూపించండి.