వారానికి ఒక్కసారే: ఇంట్లో సూది మందు తీసుకునేవారికి కొన్ని జాగ్రత్తలు

ఛత్తీస్‌గఢ్‌లోని రాయ్‌పూర్ నుంచి బిలాస్‌పూర్ వెళ్ళే రైలు మార్గంలో తిల్దా ఒక చిన్న పట్టణం. ధాన్యం మిల్లులకు, చుట్టుపక్కల సిమెంటు కర్మాగారాలకు పేరుపడింది. ఇక్కడి మిషన్ ఆసుపత్రి చుట్టుపక్కల పల్లెలకు ఎన్నో ఏళ్ళుగా వైద్యం అందిస్తోంది. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలం నుంచీ, ఆ తరువాత భిలాయి ఉక్కు కర్మాగారం వచ్చిననాటి నుంచీ ఈ మార్గం వెంబడి తెలుగు కుటుంబాలు స్థిరపడుతూ వచ్చాయి. ఇంట్లో తెలుగు, బజారులో హిందీ, మందు పెట్టె మీద ఇంగ్లిష్. ఈ మూడు భాషల మధ్య ఒక్క మాట తారుమారైతే ప్రాణాపాయం కలిగించే మందులు ఇప్పుడు ఇళ్ళకు చేరుతున్నాయి. అవి వారానికి ఒక్కసారి తీసుకోవలసిన ఇంజెక్షన్లు.

మధుమేహానికీ, ఊబకాయానికీ వాడే టిర్జెపటైడ్ మన దేశంలో 2025 మార్చిలో మౌంజారో పేరుతో విడుదలైంది. అదే ఏడాది జూన్‌లో సెమాగ్లూటైడ్ మందు వెగోవీ పేరుతో వచ్చింది. డ్యులాగ్లూటైడ్ అంతకుముందు నుంచే వాడుకలో ఉంది. కీళ్ళవాతానికి ఇచ్చే మెథోట్రెక్సేట్ వీటన్నిటికంటే పాతది. వ్యాధులు వేరైనా, మందులు పనిచేసే తీరు వేరైనా, వీటన్నిటికీ వర్తించే నియమం ఒకటే: వారానికి ఒక్కసారి మాత్రమే.

వారం పాటు ఎలా పనిచేస్తుంది?

ఇన్సులిన్‌కు అలవాటు పడినవారికి ఈ సందేహం సహజంగా కలుగుతుంది. రోజూ వేసుకోకుండా మందు ఎలా పనిచేస్తుందన్నది వారి ప్రశ్న. సెమాగ్లూటైడ్ రక్తంలోని అల్బుమిన్ అనే ప్రోటీనును అంటిపెట్టుకొని నెమ్మదిగా విడుదలవుతుంది. శరీరంలోని మందులో సగం తగ్గడానికి సుమారు 7 రోజులు పడుతుంది. టిర్జెపటైడ్‌కు ఆ వ్యవధి సుమారు 5 రోజులు. అందువల్ల ఒక్క మోతాదు వారమంతా సరిపోతుంది. అదే కారణంగా, పొరపాటున ఎక్కువ మోతాదు వేసుకుంటే దాని ప్రభావం కూడా రోజుల తరబడి వదలదు. వాంతులు ఆగకపోవడం, ఒంట్లో నీరు తగ్గిపోవడం, కొందరిలో రక్తంలో చక్కెర పడిపోవడం జరగవచ్చు.

మెథోట్రెక్సేట్ విషయంలో ప్రమాదం మరింత తీవ్రం. వారానికి ఒకసారి తీసుకోవలసిన ఈ మందును రోజూ తీసుకుంటే ఎముక మజ్జ దెబ్బతిని, రక్తకణాలు పడిపోయి, ప్రాణం పోవచ్చు. అనేక దేశాలలో ఇలాంటి మరణాలు నమోదయ్యాయి. మందుల వాడకంలో జరిగే హానిని తగ్గించేందుకు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో ప్రత్యేక కార్యక్రమం చేపట్టడానికి ఇటువంటి నివారించదగిన పొరపాట్లే కారణం.

చీటీ చదివేటప్పుడు

మందుల చీటీలో ‘ఓడీ’ అని రాస్తే రోజుకు ఒకసారి అని అర్థం. ‘ఓడబ్ల్యూ’ అని రాస్తే వారానికి ఒకసారి. రెండింటికీ తేడా ఒక్క అక్షరమే. అందువల్ల వారానికి ఒకసారి అనే మాటను పూర్తిగా రాయమని, ఏ వారమో కూడా చీటీ మీదే రాయమని వైద్యుణ్ణి అడగడం రోగి హక్కు. మందుల దుకాణంలో ‘హఫ్తే మే ఏక్ బార్’ అని చెబితే దాని అర్థం వారానికి ఒకసారి. ‘దిన్ మే ఏక్ బార్’ అంటే రోజుకు ఒకసారి. హిందీ రాని పెద్దలకు ఇంట్లోవారు ఈ రెండు మాటలను ముందుగానే నేర్పాలి.

ఇంటికి వచ్చాక వేసుకోవలసిన వారాన్ని మందు పెట్టె మీద తెలుగులో పెద్ద అక్షరాలతో రాయాలి. గోడ మీది క్యాలెండరులో వేసుకున్న రోజు దగ్గర గుర్తు పెట్టాలి. ఆదివారమో, ఊళ్ళో సంత జరిగే వారమో ఎంచుకుంటే మరిచిపోయే అవకాశం తక్కువ. మందు వేసుకున్న తరువాత గుర్తు పెట్టడం అలవాటైతే, ‘వేసుకున్నానా లేదా’ అన్న అనుమానంతో రెండోసారి వేసుకునే ప్రమాదం తప్పుతుంది. అనుమానం తీరకపోతే వేసుకోకుండా వైద్యుణ్ణి అడగడమే క్షేమం.

సిరంజి గీతల్లో ఉన్న ప్రమాదం

మోతాదు ముందే నింపిన పెన్నులతో కొలత ఇబ్బంది తక్కువ. కానీ కొన్ని మందులు సీసాలలో కూడా దొరుకుతాయి. వాటిని సిరంజితో తీసుకోవాలి. మన దేశంలో ఇన్సులిన్ సిరంజిలు రెండు రకాలు. ఎర్ర మూత ఉన్నవాటిలో ఒక మిల్లీలీటరుకు 40 గీతలు, నారింజ మూత ఉన్నవాటిలో 100 గీతలు ఉంటాయి. మందు 0.5 మిల్లీలీటర్లు కావాలంటే మొదటి దానిలో 20వ గీత వరకు, రెండవ దానిలో 50వ గీత వరకు తీసుకోవాలి. ‘20 గీతలు’ అని విన్నవారు నారింజ మూత సిరంజి వాడితే 0.2 మిల్లీలీటర్లే వస్తుంది. అదే విధంగా నారింజ మూత సిరంజికి చెప్పిన గీతలను ఎర్ర మూత సిరంజితో తీసుకుంటే రెండున్నర రెట్లు మందు లోపలికి వెళుతుంది.

కాబట్టి గీతల లెక్క నోటి మాటగా నమ్మకూడదు. మోతాదును మిల్లీగ్రాములలోనూ, మిల్లీలీటర్లలోనూ చీటీ మీద రాయించుకోవాలి. మిల్లీలీటర్ల కొలత ఉన్న సిరంజినే కొనాలి. మొదటిసారి నర్సు ఎదుట మోతాదు తీసి చూపించి సరిచూసుకోవాలి.

తీసుకునే విధానం

మొదటి ఇంజెక్షన్‌ను వైద్యుడి వద్దో, నర్సు వద్దో వేయించుకొని నేర్చుకోవడం మంచిది. ఆ తరువాత ఇంట్లో ఈ క్రమం పాటించాలి.

ముందుగా పెట్టె మీద మందు పేరు, బలం, గడువు తేదీ చదవాలి. చీటీతో పోల్చి చూడాలి. మందు రంగు మారినా, తేలుతున్న కణాలు కనిపించినా వాడకూడదు. అయితే మెథోట్రెక్సేట్ సహజంగానే పసుపు రంగులో ఉంటుంది. ఫ్రిజ్‌లోంచి తీసిన మందును కొద్దిసేపు గది ఉష్ణోగ్రతలో ఉంచితే నొప్పి తగ్గుతుంది. ఎండలో పెట్టడం, వేడి నీళ్ళలో ముంచడం చేయరాదు.

సబ్బుతో చేతులు కడుక్కోవాలి. పొట్ట మీద బొడ్డుకు కనీసం రెండంగుళాల దూరంలో గానీ, తొడ ముందు భాగంలో గానీ చోటు ఎంచుకోవాలి. ఇతరులు వేసేటప్పుడు పై చేతి వెనుక భాగం కూడా వాడవచ్చు. గాయాలు, పుట్టుమచ్చలు, గట్టిపడిన చోట్లు వదిలేయాలి. ప్రతి వారం చోటు మార్చాలి. స్పిరిట్ దూదితో తుడిచి పూర్తిగా ఆరనివ్వాలి. తడిగా ఉండగానే గుచ్చితే మంట పుడుతుంది.

పెన్ను అయితే ప్రతిసారీ కొత్త సూది అమర్చాలి. మోతాదు తిప్పే పెన్నులలో కంపెనీ కరపత్రం చెప్పినట్లు మందు ప్రవాహాన్ని పరీక్షించాలి. సూదిని నిటారుగా గుచ్చి, మీట చివరి వరకు నొక్కాలి. తరువాత కరపత్రంలో చెప్పినన్ని సెకన్లు అలాగే ఉంచి తీయాలి. త్వరగా తీస్తే మందు కొంత బయటికి కారిపోతుంది. ఆ చోటును రుద్దకూడదు. ఒక చుక్క రక్తం కనిపిస్తే దూదితో అదిమితే చాలు.

పెన్నును మరొకరితో పంచుకోరాదు. సూది మార్చినా సరే, ఒకరి రక్తకణాలు పెన్నులోకి చేరి మరొకరికి హెపటైటిస్, హెచ్‌ఐవీ వంటి వ్యాధులు సోకే ప్రమాదం ఉంటుంది. భార్యాభర్తలైనా, తోబుట్టువులైనా ఎవరి పెన్ను వారిదే. మెథోట్రెక్సేట్‌ను గర్భిణులు, గర్భం కోరుకుంటున్నవారు తాకకూడదు. వేసేవారు చేతి తొడుగులు ధరించాలి.

ఎండాకాలం, ప్రయాణాలు

ఛత్తీస్‌గఢ్ మైదాన ప్రాంతంలో మే నెలలో ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటడం సర్వసాధారణం. టిర్జెపటైడ్, సెమాగ్లూటైడ్ మందులను వాడే ముందు 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఫ్రిజ్‌లో ఉంచాలి. ఫ్రీజర్‌లో పెట్టరాదు. గడ్డకట్టిన మందు కరిగినా పనికిరాదు. ఫ్రిజ్ తలుపు అరలో ఉష్ణోగ్రత తరచుగా మారుతుంది కాబట్టి మధ్య అర మంచిది. ఫ్రిజ్ బయట ఎన్ని రోజులు, ఎంత వేడి వరకు ఉంచవచ్చో ప్రతి మందు కరపత్రంలో ఉంటుంది. అది మందు మందుకూ మారుతుంది. మెథోట్రెక్సేట్‌ను సాధారణంగా గది ఉష్ణోగ్రతలోనే, వెలుతురు తగలకుండా ఉంచుతారు.

కరెంటు చాలాసేపు పోతే ఫ్రిజ్ తలుపు పదే పదే తెరవకూడదు. రైలులో విశాఖపట్నం వైపు సొంతూళ్ళకు వెళ్ళేవారు మందును చల్లదనం నిలిచే సంచిలో పెట్టుకోవాలి. ఐసు గడ్డకు నేరుగా తగలకుండా గుడ్డ చుట్టాలి. కిటికీ పక్కన, ఆపి ఉంచిన కారులో వదిలేయరాదు.

మరిచిపోతే ఏం చేయాలి?

టిర్జెపటైడ్ మోతాదు మరిచిపోతే 4 రోజులలోపు గుర్తుకు వచ్చినప్పుడు వేసుకోవచ్చు. అంతకు మించితే ఆ మోతాదు వదిలేసి మామూలు రోజున వేసుకోవాలి. రెండు మోతాదుల మధ్య కనీసం 3 రోజులు ఉండాలి. ఇతర మందులకు నియమాలు వేరు. మెథోట్రెక్సేట్ విషయంలో వైద్యుణ్ణి అడగకుండా నిర్ణయించుకోకూడదు. ఏ మందుకైనా తప్పిపోయినదాన్ని భర్తీ చేయడానికి రెండు మోతాదులు ఒకేసారి వేసుకోరాదు. కొన్ని వారాల పాటు మానేసినవారు మునుపటి మోతాదుతో మొదలుపెట్టకూడదు. ఈ మందులను తక్కువ మోతాదుతో ప్రారంభించి నెలకోసారి పెంచడం జీర్ణవ్యవస్థ అలవాటు పడడానికే.

ఆలస్యం చేయరాని లక్షణాలు

మొదటి వారాలలో వికారం, ఆకలి మందగించడం మామూలే. కానీ వీపు దాకా పాకే తీవ్రమైన కడుపునొప్పి, ఆగని వాంతులు, మూత్రం తగ్గిపోవడం ఉంటే వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. ఇన్సులిన్ లేదా గ్లిమెపిరైడ్ వంటి మాత్రలు కూడా వాడేవారికి చెమటలు, వణుకు, మైకం వస్తే చక్కెర పడిపోయిందని భావించి గ్లూకోజు గానీ చక్కెర నీళ్ళు గానీ ఇవ్వాలి. మెలకువ లేనివారి నోట్లో ఏమీ పోయరాదు. మెథోట్రెక్సేట్ వాడేవారికి నోటిపుండ్లు, జ్వరం, ఒంటి మీద కారణం లేని నీలి మచ్చలు, ఆయాసం వస్తే అదే రోజు వైద్యుణ్ణి కలవాలి. వైద్యులు చెప్పిన రక్త పరీక్షలను వాయిదా వేయకూడదు. అత్యవసరమైతే 108కి ఫోన్ చేయాలి.

వాడిన సూది ఎక్కడికి?

2016 నాటి ఘనవ్యర్థాల నిర్వహణ నియమాలు వాడిన సూదులను, సిరంజిలను గృహ ప్రమాదకర వ్యర్థాలుగా గుర్తించాయి. వాటిని తడిచెత్తలోనూ, పొడిచెత్తలోనూ కలపరాదు. గుచ్చుకోని గట్టి ప్లాస్టిక్ డబ్బాలో వేసి, మూత బిగించి, ‘సూదులు’ అని పైన రాయాలి. ముప్పావు వంతు నిండాక దగ్గరి ఆసుపత్రిలోనో, పురపాలక సిబ్బందికి విడిగానో అప్పగించాలి. సూదికి రెండు చేతులతో మళ్ళీ మూత పెట్టడం గుచ్చుకునే ప్రమాదాన్ని పెంచుతుంది. ఉదయాన్నే చెత్త ఏరుకునే మనిషి వేలికి గుచ్చుకునే సూది మన ఇంటిదే కాకూడదు.

ఈ మందులను వైద్యుడి చీటీ లేకుండా కొనరాదు. పొరుగువారికి మేలు చేసింది మనకూ చేస్తుందన్న నమ్మకంతో మొదలుపెట్టరాదు. థైరాయిడ్‌కు వచ్చే ఒక రకం క్యాన్సర్ కుటుంబంలో ఉన్నవారు, గర్భిణులు, క్లోమగ్రంథి వాపు వచ్చినవారు ఆ విషయం వైద్యుడికి ముందే చెప్పాలి. వేసుకున్న ప్రతిసారీ గోడ మీది క్యాలెండరులో ఒక గుర్తు పెట్టండి. మళ్ళీ సూది పట్టుకునే ముందు ఆ గుర్తును ఒకసారి చూసుకోండి.