మాట మరచినను బాధ మరువరు

వార్ధక్యమున వచ్చు మతిమరపునంతటిని చాదస్తమని త్రోసివేయరాదు. ఆల్జీమర్స్ అను మెదడు వ్యాధియందు క్రొత్త జ్ఞాపకములను నిలుపు భాగము ముందుగా క్షీణించును.

2014వ సంవత్సరమున అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయమువారు ఇట్టి రోగులు 17 మందికి దుఃఖము కలిగించు చలనచిత్ర భాగములను చూపిరి. కొలది నిమిషములకే చూచినదానిని వారు చాలవరకు మరచిరి. దుఃఖము మాత్రము వెంటనే విడువలేదు. నవ్వించు దృశ్యములు చూపినపుడు సంతోషమును అట్లే కొంతసేపు నిలిచెను.

కావున కసరిన మాటను వృద్ధుడు మరచినను, కలిగిన నొప్పి మిగిలియుండును. కారణము తెలియని బాధను ఎవరితో చెప్పుకొనగలడు? పింఛను పంచువేళ "ఇప్పుడేగదా చెప్పితిని" అని గద్దించుట పలుచోట్ల కాననగును. పదిమార్లు అడిగిన విసుగు కలుగుట సహజమే. అయినను తాతా, అవ్వా అని పిలిచి మరల నెమ్మదిగా చెప్పవలెను. ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునందు చూపింపుడని ఇంటివారికి పంచాయతీ సభ్యులే తెలుపవలెను.