డ్రాప్ చెకర్ రెండు గంటలు లేటు!
మొక్కల ట్యాంకుకి సీఓటూ సిలిండర్ పెట్టిన కొత్తలో నేను చేసిన తప్పు చెప్తా. డ్రాప్ చెకర్ అని లోపల తగిలించే గాజు బుడ్డి ఉంటుంది కదా, అది ఇంకా నీలంగానే ఉందని పావుగంటకోసారి నీడిల్ వాల్వ్ తిప్పుతూ పోయా. సాయంత్రానికి పసుపు! చేపలన్నీ పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. రెండు పోయాయి.

ఆ రంగు మారడానికి దాదాపు రెండు గంటలు పడుతుంది. అంటే మీరు చూసేది ఇప్పటి నీళ్లని కాదు. అందుకే సెకనుకి ఒక బుడగతో మొదలెట్టి, రోజుకి ఒక్కసారే, అదీ కొంచెమే తిప్పండి. 4 డీకేహెచ్ ద్రావణమైతే ఆకుపచ్చ అంటే సుమారు 30 పీపీఎం. మన వైజాగ్ ఎండల్లో మాత్రం కాస్త ముదురు ఆకుపచ్చ దగ్గరే ఆగిపోండి, వేడి నీళ్లలో ఆక్సిజన్ తక్కువ కరుగుతుంది. చేపలు పైకొస్తే వెంటనే వాల్వ్ కట్టేసి ఎయిర్ పంప్ వేయండి. రంగు సంగతి తర్వాత.