నోటు మీది సంతకం ఎవరిది?
నిపుణులు తేల్చేదెంత, తేల్చలేనిదెంత

పంటకు పెట్టుబడి కావాలన్నా, ఆడపిల్ల పెళ్ళి చేయాలన్నా, బోరు వేయించాలన్నా పల్లెల్లో మొదట బయటికి వచ్చేది ప్రోనోటు కాగితం. రెవెన్యూ స్టాంపు అంటించి, దాని మీదుగా సంతకమో వేలిముద్రో వేయించి, కింద సాక్షుల పేర్లు, దస్తూరి రాసినవారి పేరు చేరిస్తే అప్పు పుట్టినట్టే. బాకీ తీరక నోటు కోర్టుకెక్కిన రోజున "ఆ సంతకం నాది కాదు" అని ఒకరు, "నా కళ్ళ ముందే పెట్టాడు" అని మరొకరు వాదిస్తారు. ఊరు రెండుగా చీలుతుంది. అప్పుడు అవసరమయ్యేవారు చేవ్రాత నిపుణులు. వారు ఏం తేల్చగలరో, ఏం తేల్చలేరో ముందే తెలిసి ఉంటే రైతులకు, కూలీలకు ఎంతో నష్టం తప్పుతుంది.

కలం నడకలోనే గుట్టు

చేతిరాత ఏళ్ళ తరబడి పడిన అలవాటు. తలకట్టు ఎక్కడ మొదలుపెడతారు, సున్నను ఎటు తిప్పుతారు, గుడి ఎంత పెద్దది చేస్తారు, ఒత్తును అక్షరానికి ఎంత దూరాన వేస్తారు, కలం ఎక్కడ నొక్కి ఎక్కడ తేల్చుతారు అన్నవి మనిషికీ మనిషికీ మారుతాయి. నిపుణులు భూతద్దంతోను, సూక్ష్మదర్శినితోను చూసేది ఈ అలవాట్లనే.

ఒకే మనిషి పెట్టిన పది సంతకాలలో ఏ రెండూ అచ్చు గుద్దినట్టు ఉండవు. కాబట్టి కొద్ది తేడా కనిపించినంత మాత్రాన దొంగ సంతకమనరు. పైగా రెండు సంతకాలు ఒకదానిపై ఒకటి పెడితే వెంట్రుకవాసి తేడా లేకుండా సరిపోయాయంటే నిపుణునికి అనుమానం వస్తుంది. అసలు సంతకాన్ని కిటికీ అద్దానికి ఆనించి గాని, కార్బన్ కాగితం పెట్టి గాని దిద్దినప్పుడే అలా కుదురుతుంది.

చూసి గీసిన సంతకం చూపుకు బాగానే ఉన్నా అందులో వేగం ఉండదు. గీత సన్నగా వణుకుతుంది. అక్షరం మధ్యలో కలం ఆగి, లేచి, మళ్ళీ దిగిన చోట్లు కనిపిస్తాయి. చివరలు మొద్దుబారి ఉంటాయి. వయసు మళ్ళినవారి చేయి కూడా వణుకుతుంది గాని, వారి సంతకంలో పాత అలవాటు ఎక్కడికీ పోదు. ఈ రెండు వణుకులకూ గల తేడాను పట్టడమే నిపుణుల నేర్పు.

వెలుగు మార్చితే బయటపడేవి

అంకెకు ముందు ఒక అంకె చేర్చడం, సున్నలు పెంచడం, మందు పూసి పాత రాత చెరిపివేయడం వంటివి కూడా పరీక్షలో దొరుకుతాయి. మన కంటికి ఒకే నలుపుగా కనిపించే రెండు సిరాలు పరారుణ కాంతిలో వేరువేరుగా కనిపించవచ్చు. మందుతో చెరిపిన చోటు అతినీలలోహిత కాంతిలో మచ్చగా తేలవచ్చు. పక్కనుంచి ఏటవాలుగా వెలుగు వేస్తే, పైకాగితంపై రాసినప్పుడు కింద కాగితంపై పడిన నొక్కులు కూడా చదవవచ్చు.

నోటు వెనుక రాసే చెల్లు విషయంలోను ఈ పరీక్ష ముఖ్యం. అడిగిన వెంటనే చెల్లించవలసిన నోటుపై దావాకు గడువు నోటు తేదీనుంచి 3 సంవత్సరాలు. ఆ గడువులోగా బాకీదారు కొంత సొమ్ము కట్టి, ఆ సంగతి తాను రాసి గాని, సంతకం చేసి గాని ఉంటే అప్పటినుంచి మళ్ళీ 3 సంవత్సరాలు లెక్క. గడువు దాటిన నోటుకు ప్రాణం పోయడానికి కొద్ది మొత్తానికి దొంగ చెల్లు పుట్టించారని బాకీదారులు వాదించే దావాలు అందుకే వస్తుంటాయి. అక్కడ నోటు ముందరి సంతకమొక్కటే కాదు, వెనుకదాన్ని కూడా పరీక్షించాలి.

వేలిముద్ర సంగతి

నిశానీదారుల వేలిముద్రకు పెద్ద చరిత్రే ఉంది. 1858లో బెంగాలులోని జంగీపూర్‌లో విలియం హెర్షెల్ అనే ఆంగ్లేయ అధికారి, రోడ్డుకు సామగ్రి సరఫరా చేసే రాజ్యధర్ కోనాయ్ చేత ఒప్పందంపై అరచేతి ముద్ర వేయించాడు. తర్వాత కాదనకుండా ఉండేందుకే ఆ ముద్ర. 1897లో కలకత్తాలో వేలిముద్రల కార్యాలయం ఏర్పడింది. ముద్రలను వర్గాలుగా విడదీసే పద్ధతిని రూపొందించడంలో అజీజుల్ హక్, హేమచంద్ర బోస్ అనే ఇద్దరు మన దేశీయులు ముఖ్య పాత్ర వహించారు.

సంతకం కంటె వేలిముద్ర గట్టి ఆధారం. అయితే సిరా ముద్దగా అంటించి, వేలు జరిపి వేసిన ముద్రలో గీతలు అలుక్కుపోతే ఏ నిపుణుడూ ఏమీ చెప్పలేడు. రెక్కల కష్టంతో గీతలు అరిగిన వేళ్ళతోను ఇదే చిక్కు.

పోల్చడానికి పాత సంతకాలే ఆధారం

వివాదంలో ఉన్న సంతకాన్ని పోల్చాలంటే వివాదం లేని సంతకాలు కావాలి. దావా పడిన తర్వాత వకాలతుపైన, జవాబుపైన పెట్టే సంతకాలను కావాలని మార్చి పెట్టే వీలుంది. అందుచేత నోటు తేదీకి దగ్గర కాలంలో బ్యాంకులోనో, సహకార సంఘంలోనో, సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలోనో పెట్టిన సంతకాలు మేలు. పరీక్షకు అసలు కాగితమే ఉండాలి. జిరాక్సులో కలం ఒత్తిడి తెలియదు.

పోల్చే నమూనాలు మంచివి కాకపోతే ఎంతటివారైనా పొరబడతారు. 1983లో పశ్చిమ జర్మనీలో హిట్లర్ డైరీలంటూ ఒక పత్రిక కొన్ని పుస్తకాలను బయటపెట్టింది. అంతకుముందు నిపుణులు చేతిరాత పోల్చి అవి అసలువేనన్నారు. తీరా చూస్తే, పోల్చడానికి వారికిచ్చిన నమూనాలలో కొన్ని కూడా ఆ దొంగ రాతగాడు సృష్టించినవే. చివరికి కాగితాన్ని పరీక్షిస్తే, యుద్ధం తర్వాత వాడుకలోకి వచ్చిన రసాయనం అందులో కనిపించి మోసం బయటపడింది.

కోర్టులో విలువ ఎంత?

నిపుణుల అభిప్రాయాన్ని కోర్టులు తీసుకునే వీలు 1872 నాటి సాక్ష్య చట్టం 45వ సెక్షనులో ఉండేది. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమంలో అది 39వ సెక్షను. సంతకాలను న్యాయమూర్తి స్వయంగా పోల్చి చూసే అధికారం కూడా చట్టంలో ఉంది. హైదరాబాదు రామంతపూర్‌లో కేంద్ర ఫోరెన్సిక్ సైన్సు లాబొరేటరీ ఉండగా, రెండు తెలుగు రాష్ట్రాలకు వేరువేరుగా సొంత లాబొరేటరీలున్నాయి.

అయితే నిపుణుడు చెప్పేది అభిప్రాయమే గాని తీర్పు కాదు. వేరే ఆధారం తోడు లేదన్న ఒక్క కారణంతో దానిని తోసిపుచ్చనక్కరలేదని, కాని జాగ్రత్తగా పరిశీలించాలని సుప్రీంకోర్టు 1980లో మురారీలాల్ కేసులో చెప్పింది. సాక్షులు, దస్తూరి రాసిన వ్యక్తి చెప్పేదీ కోర్టు చూస్తుంది.

తేల్చలేనిది ఇదే

ఇక అసలు ప్రమాదానికి వద్దాం. సంతకం ఎవరిదో నిపుణుడు చెప్పగలడు. సంతకం పెట్టిన నాడు ఆ కాగితంపై ఏం రాసి ఉందో చాలాసార్లు చెప్పలేడు. సిరా ఏ నెలలో పడిందో తేల్చడమూ అతి కష్టం. ఖాళీ నోటుపై సంతకం పెట్టి ఇచ్చి, తర్వాత అవతలివారు లక్ష రాసుకున్నారని మొత్తుకుంటే పరీక్షలో తేలేది ఒకటే: సంతకం మీదేనని. స్టాంపు అంటించిన ఖాళీ కాగితంపై సంతకం చేసి ఇస్తే దానిని పూర్తి చేసుకునే అధికారం ఇచ్చినట్టేనని 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 20వ సెక్షను భావిస్తుంది. సొమ్ము ముట్టలేదని రుజువు చేసే బరువు సంతకం చేసినవారి నెత్తినే పడుతుంది.

గ్రామస్థులు గమనించవలసినవి

1. ఎంతటి నమ్మకస్తుడైనా ఖాళీ నోటుపై సంతకం గాని, వేలిముద్ర గాని వేయరాదు. మొత్తాన్ని అంకెల్లోను, అక్షరాల్లోను, మధ్య ఖాళీ లేకుండా రాయించాలి.

2. చదువు రానివారు తమ మనిషి చేత చదివించుకుని వినాలి. వేలికి సిరా పలుచగా అంటించి, జరపకుండా ఒక్కసారే ముద్ర వేయాలి.

3. నోటుకు రెండు వైపులా నకలు తీయించి దాచుకోవాలి. సొమ్ము కట్టిన ప్రతిసారీ రశీదు అడగాలి. బాకీ తీరిన నాడే నోటు వెనక్కి తీసుకోవాలి.

4. వకీలు నోటీసు వస్తే ఊరుకోరాదు. సంతకం తమది కాకపోతే ఆ మాట మొదటి జవాబులోనే చెప్పి, నిపుణుల పరీక్షకు ఆలస్యం లేకుండా కోర్టును కోరాలి.

5. దొంగ నోటు, దొంగ వీలునామా సృష్టించడం భారతీయ న్యాయ సంహిత 338వ సెక్షను కింద యావజ్జీవ శిక్ష వరకు పడగల నేరం. నిజంగా పెట్టిన సంతకాన్ని కాదని బొంకినా నిపుణుల ముందు నిలవడం కష్టం.

లాబొరేటరీ దాకా వెళ్ళి నెగ్గినా కోర్టు ఖర్చు, తిరుగుడు తప్పవు. సంతకం పెట్టేముందు కాగితం నిండుగా ఉందో లేదో చూసుకోవడానికి ఖర్చేమీ కాదు.