ట్రెయిలరు బండిలో విద్యుద్దోషములు



ముప్పదియైదేండ్లు పాఠశాలలో తెలుగును, ఇంటివద్ద తర్కమును చెప్పిన నేను నేడు విద్యుత్తును గుఱించి ప్రసంగింప బూనుట మీకు వింతగా దోపవచ్చును. నేను యంత్రజ్ఞుడను గాను. అయినను ఒక చలిరాత్రి కలిగిన యనుభవము వలన, దోషమును వెదకుటలో తర్కశాస్త్రము చెప్పు మార్గమే యంత్రములకును వర్తించునని తెలిసికొంటిని. అమెరికాలో మన తెలుగు కుటుంబములు అనేకము ఉన్నవి గనుక, ఈ మాటలు కొందఱికైన నుపకరింపగలవు.

ఆ దేశమున సెలవుదినములలో మోటారుబండి వెనుక చిన్న యిల్లువంటి ట్రెయిలరును తగిలించుకొని కొండలకును అడవులకును పోవుట పరిపాటి. అందు పడకలు, పొయ్యి, నీటిపంపు, హీటరు మొదలగునవి యన్నియు నుండును. ఆ యింటిలో రెండు విధములైన విద్యుత్తు గలదు. బయటి స్తంభమునుండి లావుపాటి తీగద్వారా వచ్చునది 120 వోల్టులది. ట్రెయిలరు ముందుభాగమున నుండు బ్యాటరీ యిచ్చునది 12 వోల్టులది. దీపములు, పంపు, హీటరులోని పంకా, గ్యాసు వెడలినచో కూతవేసి హెచ్చరించు యంత్రము, ఇవి యన్నియు 12 వోల్టులతోనే నడచును. ఈ రెంటికిని నడుమ కన్వర్టరు అను సాధనము గలదు. బయటితీగను తగిలించినప్పుడు అది 120 వోల్టులను పండ్రెండింటికి తగ్గించి దీపములను వెలిగించును; బ్యాటరీని కూడ నింపును. ఈ యొక్క విషయమును మఱవకుడు. కథ యంతయు దీనిపైననే తిరుగును.

2022వ సంవత్సరము సెప్టెంబరులో మేము కొలరాడో కొండలకు బోతిమి. అంతకు వారము ముందు మా కుమారుడు పాతబ్యాటరీ చచ్చినదని క్రొత్తదానిని కొని, తానే బిగించెను. ఇంటిముంగిట బయటితీగను తగిలించి చూడగా దీపములన్నియు చక్కగా వెలిగినవి. కాని స్తంభము లేని యా యడవిలో ప్రొద్దుగ్రుంకిన పిమ్మట స్విచ్చి నొక్కగా ఒక్క దీపమును వెలుగలేదు. గ్యాసు నిండుగా నున్నను హీటరు నడువలేదు. దానిలోని పంకాకు విద్యుత్తు కావలెను గదా! అన్నింటికంటె భయంకరమైన సంగతి, గ్యాసును కనిపెట్టు యంత్రముపై నుండవలసిన పచ్చదీపము కూడ ఆరిపోయినది. మా మనుమరాలు “తాతయ్యా, చలి!” అని నా శాలువలో దూఱినది.

“అంగడివాడు మోసము చేసినాడు నాన్నగారూ, చెడ్డ బ్యాటరీ అంటగట్టినాడు” అని మావాడు కోపించెను. “కొలిచితివా?” అని యడిగితిని. కొలువలేదు. మల్టీమీటరు తెచ్చి బ్యాటరీ రెండు ధ్రువములకు తాకింపగా 12.7 వోల్టులు చూపినది. అనగా బ్యాటరీ నిండుగా నున్నది. నిందితుడు నిర్దోషి!

ఇక తర్కమునకు పని కలిగినది. ఇది యున్న అది యుండుట అన్వయము. ఇది లేనిచో అది లేకుండుట వ్యతిరేకము. ఇంటివద్ద దీపము వెలిగినది, ఇక్కడ వెలుగలేదు. అక్కడ నుండి యిక్కడ లేనిది యేది? బయటితీగ యొక్కటియే. కావున ఇంటివద్ద దీపములను వెలిగించినది కన్వర్టరే కాని బ్యాటరీ కాదు. బ్యాటరీ మంచిదైయుండియు దాని విద్యుత్తు దీపములకు చేరుటలేదనగా, నడుమ దారి యెక్కడనో తెగియుండవలెను. బ్యాటరీని వేఱుపఱచు స్విచ్చిని చూచితిమి. అది సరిగానే యున్నది. ఫ్యూజుపెట్టె తెఱచి చేతిదీపముతో చూడగా, బ్యాటరీతీగ వచ్చి చేరుచోట 40 ఆంపియరుల ఫ్యూజులు రెండును కాలిపోయి యుండెను.

అవి యేల కాలినవి? బ్యాటరీ తీగలను తారుమారుగా తగిలించినప్పుడు కన్వర్టరును కాపాడుటకై తాము కాలిపోవుటయే ఆ ఫ్యూజుల ధర్మము. మోటారుబండిలో ఎఱ్ఱతీగ ధనము, నల్లతీగ ఋణము. అమెరికా ట్రెయిలరులలోనన్ననో తఱచుగా నల్లతీగయే ధనము, తెల్లతీగ ఋణము! మావాడు మోటారుబండి వాడుక ననుసరించి నల్లతీగను ఋణధ్రువమునకు తగిలించెనట. నిప్పురవ్వ లెగయగా బెదరి వెంటనే మార్చి బిగించెనట. తీగలు సరియైనవి, ఫ్యూజులు మాత్ర మప్పటికే ప్రాణము విడిచినవి.

హెచ్చరించు యంత్రము మూగవోయినది గనుక ఆ రాత్రి సిలిండరువద్దనే గ్యాసును కట్టివేసి, కంబళ్లు కప్పుకొని పండుకొంటిమి. మఱునాడు సమీపపు పట్టణములో స్వల్పమూల్యమునకు రెండు ఫ్యూజులు కొని వేయగా ఇల్లంతయు వెలిగినది.

పాతబ్యాటరీ మాట యేమి? అదియు సహజమరణము పొందలేదు. ట్రెయిలరు ఊరక నిలిచియున్నను గ్యాసును కనిపెట్టు యంత్రము, రేడియో మొదలగునవి కొంచెము కొంచెముగా విద్యుత్తును త్రాగుచునే యుండును. అది కాలు ఆంపియరు మాత్రమే యనుకొందము. దినమునకు 6 ఆంపియరు-గంటలు పోవును. 80 ఆంపియరు-గంటల బ్యాటరీ ఇంచుమించు రెండు వారములలో వట్టిపోవును. వట్టిపోయినదానిని మాసములతరబడి వదలినచో సీసపు పలకలపై సల్ఫేటు గట్టిపడి, మరల నింపినను నిండదు. చలికాలమున గడ్డకట్టి పగులుటయు గలదు. కావున నిలిపియుంచునప్పుడు నిండుగా నింపి, వేఱుపఱచు స్విచ్చిని కట్టివేయవలెను.

ఇక సీసపు బ్యాటరీ పరీక్షాక్రమమును చెప్పెదను. లిథియము బ్యాటరీకి అంకెలు వేఱు. బయటితీగను తీసి, కొన్ని గంటలు విశ్రాంతి యిచ్చి కొలువుడు. 12.6 వోల్టులు లేక అంతకు మించినచో నిండుగా నున్నది, 12.2 అయినచో సుమారు సగము. 12కు దిగువనైనచో దాదాపు వట్టిది. పిమ్మట బయటితీగను తగిలించి బ్యాటరీవద్దనే మరల కొలువుడు. 13 వోల్టులు దాటినచో కన్వర్టరు నింపుచున్నది. అంకె యేమియు పెఱుగనిచో కన్వర్టరునందో, దాని ఫ్యూజులందో, నడుమ తీగలందో దోషము గలదు.

ఒక్క దీపమో ఒక్క పంపో పనిచేయక తక్కినవి పనిచేయుచున్నచో బ్యాటరీని నిందింపకుడు. ఆ వస్తువు ఫ్యూజును, తీగను చూడుడు. బ్యాటరీవద్ద 12.5 వోల్టు లుండి, వెలుగుచున్న దీపమువద్ద 10 మాత్రమే యున్నచో, దారిలో ఎక్కడనో కూడలి త్రుప్పుపట్టినది. విద్యుత్తు తిరిగి వచ్చుదారి తఱచుగా బండి యినుపచట్రమే. ఆ మర త్రుప్పుపట్టిన చోటనే సగము మాయలు జరుగును. త్రుప్పును గీకి బిగించిన చాలును. బ్యాటరీ ధ్రువములపై పేరుకొను తెల్లని పొడిని వంటసోడా నీటితో కడుగవచ్చును. ఆ నీరు బ్యాటరీ లోపలికి పోరాదు.

కొన్ని జాగ్రత్తలు. బ్యాటరీని విప్పునప్పుడు ముందు ఋణపుతీగను తీయుడు. బిగించునప్పుడు దానిని చివర బిగింపుడు. నిండుచున్న బ్యాటరీనుండి మండు వాయువు వెడలును. దగ్గఱ నిప్పు కూడదు. కాలిన ఫ్యూజు స్థానమున అంతకు పెద్దదానిని వేయకుడు. అప్పుడు ఫ్యూజునకు బదులు ఇల్లు కాలును. ఫ్యూజుపెట్టె తెఱచుటకు ముందు బయటితీగను తీసివేయుడు. 120 వోల్టుల పని తెలిసినవానికే విడువుడు.

మావాడు రంగును నమ్మెను. పిమ్మట అంగడివానిని శంకించెను. రెండును ప్రమాణములు కావు. చిన్న మీటరుతో ఒక్క నిమిషము కొలిచియుండినచో ఆ రాత్రి పసిదానికి చలి తప్పియుండును. ఒక నిర్దోషిపై నింద తప్పియుండును. కావున ప్రయాణమునకు ముందు ఇంటిముంగిటనే బయటితీగను తీసివేసి, ఒక్కసారి దీపము వెలిగించి చూడుడు. సెలవు.