గిటార్ కంపెనీకి వాద్యకారులు చెప్పిన పాఠం



మేము పదో తరగతిలో ఉండగా మన హాస్టల్ వార్షికోత్సవానికి ఆర్కెస్ట్రా వచ్చింది. అందులో ఒక అన్న రంగు వెలిసిపోయిన ఎలక్ట్రిక్ గిటార్ వాయించాడు. కార్యక్రమం అయ్యాక మేము నలుగురం ఆయన చుట్టూ చేరి, "అన్నా, ఏటా కొత్త మోడల్ వస్తదంట గదా, నువ్వు ఇంకా పాతదే వాయిస్తున్నవేంది?" అని అడిగాం. "కొత్తవి వస్తయ్ తమ్మీ, నా చెయ్యి మాత్రం దీనికే అలవాటైంది" అని ఆయన నవ్వాడు. ఆ మాట అప్పుడు మాకు అర్థం కాలేదు. మా ఇళ్ళలో డిగ్రీ పూర్తిచేసిన మొదటివాళ్ళం మేమే. ఈరోజు ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదువుతూ, గిటార్ల గురించి కాస్త తెలుసుకున్నాక ఆ మాటలోని అర్థం బోధపడింది. దాన్నే మీతో పంచుకోవాలని ఈ వ్యాసం.

ముందుగా ఎలక్ట్రిక్ గిటార్ ఎలా పలుకుతుందో చూద్దాం. దాని తీగలు ఉక్కువి. వాటి కింద అయస్కాంతాలు, వాటి చుట్టూ సన్నని రాగితీగ చుట్టలు ఉంటాయి. దీన్ని పికప్ అంటారు. తీగను మీటితే అయస్కాంత క్షేత్రం మారి చుట్టలో కొద్దిపాటి విద్యుత్తు పుడుతుంది. ఇంటర్‌లో మనం బట్టీపట్టిన ఫారడే సూత్రం ఇదే. ఆ విద్యుత్తును ఆంప్లిఫయర్ పెంచి స్పీకరుకు పంపుతుంది. వీణకు బిరడలు ఉన్నట్టే గిటార్‌కూ తల భాగంలో ఆరు బిరడలు ఉంటాయి. వాటిని తిప్పి శ్రుతి చేస్తారు.

అమెరికాలో గిబ్సన్ అనే పేరుమోసిన గిటార్ కంపెనీ ఉంది. 1902లో మిషిగన్ రాష్ట్రంలోని కాలమజూ పట్టణంలో మొదలై, తరువాత నాష్‌విల్‌కు మారింది. 1952లో ప్రసిద్ధ వాద్యకారుడు లెస్ పాల్ పేరుతో ఒక ఎలక్ట్రిక్ గిటార్ తెచ్చింది. కొన్నేళ్ళపాటు ఈ కంపెనీ కార్ల కంపెనీల మాదిరిగా ఏటా మార్పులు చేసి 2014 మోడల్, 2015 మోడల్ అంటూ అమ్మింది.

లెస్ పాల్ పుట్టింది 1915లో. ఆయన శతజయంతి గుర్తుగా 2015 మోడళ్ళలో పెద్ద మార్పులు చేశారు. చాలా గిటార్లకు జీ-ఫోర్స్ అనే పరికరం బిగించారు. అది బ్యాటరీతో నడుస్తుంది. తీగలు మీటగానే చిన్న మోటార్లు బిరడలను తిప్పి క్షణాల్లో శ్రుతి చేస్తాయి. గిటార్ మెడను వెడల్పు చేశారు. మెడ చివర తీగలు ఆనుకునే చోట ఇత్తడి భాగం పెట్టారు. లెస్ పాల్ గిటార్ల తలపై పాత అక్షరాల స్థానంలో శతజయంతి సంతకం వేశారు. ధర కూడా పెంచారు.

వాద్యకారుల్లో కొందరు దీన్ని మెచ్చుకున్నారు. వేదికపై ఒక పాట నుంచి మరో పాటకు శ్రుతి మార్చాలంటే ఇది ఎంతో సుఖం అన్నారు. కొత్తగా నేర్చుకునేవారికి మేలన్నారు. కాని ఎక్కువమంది కోపం తెచ్చుకున్నారు. "శ్రుతి చేయడం మా చెవికి వచ్చు, దానికి మోటారెందుకు? బ్యాటరీ అయిపోతే ఏం చేయాలి?" అన్నది ఒక వాదన. మెడ విషయం ఇంకా సున్నితమైనది. ఏళ్ళ తరబడి సాధన చేసిన వేళ్ళు ఆ కొలతను గుర్తుపెట్టుకుంటాయి. అది కొంచెం మారినా చెయ్యి తడబడుతుంది. మన ఆర్కెస్ట్రా అన్న చెప్పింది ఇదే కదా!

అయితే గిటారిస్టులు కొత్తదనాన్ని ఎప్పుడూ వద్దంటారా? అలా అనలేం. 1961లో ఇదే కంపెనీ లెస్ పాల్ ఆకారాన్ని పూర్తిగా మార్చి, రెండు కొమ్ముల పల్చటి గిటార్ తెచ్చింది. అది లెస్ పాల్‌కే నచ్చలేదు. తరువాత ఆయన పేరు తీసేసి దానికి ఎస్‌జీ అని పేరు పెట్టారు. టోనీ అయోమీ, ఆంగస్ యంగ్ వంటివారి చేతుల్లో అదే ప్రపంచ ప్రసిద్ధమైంది. మరోవైపు, ఆపేసిన పాత ఆకారాన్ని ఎరిక్ క్లాప్టన్ వంటివారు వాయించగా మళ్ళీ గిరాకీ పెరిగి, 1968లో కంపెనీ దాన్ని తిరిగి తయారుచేసింది. కొత్తదీ నిలిచింది, పాతదీ నిలిచింది.

దానంతటదే శ్రుతి చేసుకునే గిటార్ కూడా 2015లో మొదటిసారి వచ్చింది కాదు. 2007లోనే రోబో గిటార్ పేరుతో ఈ కంపెనీ తెచ్చింది. అప్పుడది కావలసినవారు కొనుక్కునే ప్రత్యేక గిటార్. 2015లో అది కొనేవారి ఇష్టంతో పనిలేకుండా చాలా మోడళ్ళలో తప్పనిసరి అయింది. కనుక అసలు అభ్యంతరం మోటారు మీద కాదు, బలవంతం మీద అని మాకు అనిపిస్తుంది. కంపెనీ కూడా ఈ సంగతి గ్రహించినట్టుంది. 2016లో గిటార్లను రెండు రకాలుగా విడదీసింది. పాత పద్ధతి కావాలంటే ట్రెడిషనల్, కొత్త హంగులు కావాలంటే హై పెర్ఫార్మెన్స్.

2018 మే నెలలో కంపెనీ అప్పులు తీర్చలేక దివాలా రక్షణ కోరింది. దానికి గిటార్ల మార్పే కారణమంటే పొరపాటు. ఇళ్ళలో వాడే ఆడియో పరికరాల వ్యాపారం కొని చేసిన అప్పులు పెద్ద భారమయ్యాయి. అదే ఏడాది నవంబరులో కొత్త యాజమాన్యంతో బయటపడి, 2019లో ఒరిజినల్, మోడర్న్ అని రెండు వరుసలు ప్రకటించింది. ఏది కావాలో కొనేవారే ఎంచుకోవచ్చు.

మిత్రులారా! మేము ఎనిమిదో తరగతిలో ఉండగా కొలతలు తీయకుండా కుట్టిన యూనిఫాంలు వచ్చాయి. ఒకరికి చొక్కా మోకాళ్ళదాకా వచ్చింది, మరొకరికి నిక్కరు బొత్తాం పట్టలేదు. గుడ్డ మంచిదే, ఇచ్చినవారి ఉద్దేశమూ మంచిదే. కాని వేసుకునే పిల్లవాణ్ణి ఎవరూ అడగలేదు. గిటార్ నచ్చనివాడు పాత గిటార్ కొనుక్కోగలడు, మరో కంపెనీకి పోగలడు. మనం ఆ యూనిఫాంనే ఏడాదంతా తొడుక్కున్నాం.

మనలో రేపు ఇంజనీర్లు, ఉపాధ్యాయులు, వార్డెన్లు, అధికారులు అయ్యేవాళ్ళున్నారు. ఏ వస్తువు చేసినా, ఏ మార్పు తెచ్చినా, ముందుగా దాన్ని వాడేవారిని అడగండి. ఇప్పటి మెస్ కమిటీ తమ్ముళ్ళు ఈ నెల నుంచే మొదలుపెట్టవచ్చు. మెనూ మార్చే ముందు ఆరో తరగతి పిల్లవాణ్ణి కూడా ఒక్క మాట అడగండి.