త్రాసునకు పరీక్ష

యంత్రము తిప్పుబలమును కొలుచుట యెట్లు, కొలుచు సాధనము సత్యము చెప్పుచున్నదని తెలిసికొనుట యెట్లు అను విషయమును గూర్చి నేడు కొంత మనవి చేయుదును. వ్యాకరణము చెప్పుకొని బ్రదికిన పంతులుకు యంత్రములతో నేమి పని యని మీ రడుగవచ్చును. ఆ పని నా బావియొద్దనే కలిగినది.

తిప్పుబలమన నేమి? తిరగలిపిడి అంచున నున్నచో రాయి సులభముగా తిరుగును. అదే పిడి నడిమి కొయ్యకు దగ్గరగా నున్నచో చేతులు నొచ్చును. త్రోయు బలమును, ఇరుసునుండి అది పనిచేయు దూరముచే గుణింపగా వచ్చునదే తిప్పుబలము. ఇంజనుపనివారు దీనినే టార్కందురు.

దీనిని కొలుచు ఉపాయమొకటి 1821లో ఫ్రాన్సుదేశపు ఇంజనీరు ప్రోనీ కల్పించెను. తిరుగు చక్రమును కొయ్యదిమ్మెల నడుమ బిగించి, ఆ దిమ్మెలకు పొడవైన చేయి నమర్తురు. చక్రము దిమ్మెలను తనతో లాగుకొని పోజూచును. చేతికొనకు తగిలించిన త్రాసు వానిని ఆపును. త్రాసు చూపిన బరువును చేతి పొడవుచే గుణించిన తిప్పుబలము తేలును.

కొన్నియేండ్ల క్రిందట నేనొక పాత ఆయిలింజను కొనబోతిని. నిమిషమునకు 600 చుట్లు తిరుగునపుడు 5 గుర్రపుబలము లిచ్చునని అమ్మువాడు చెప్పెను. మెకానిక్కు మీటరు పొడవు చేయి కట్టి చూడగా స్ప్రింగుత్రాసు 5 కిలోలే చూపెను. లెక్క చూడుడు. మీటరు చేయి చుట్టివచ్చు వలయము 6.28 మీటర్లు. సెకనునకు 10 చుట్లు గనుక 62.8 మీటర్లు. దానిని 5 కిలోలచే గుణింప 314. సెకనులో 75 కిలోలను ఒక మీటరెత్తు లేపుట ఒక గుర్రపుబలము. 314ను 75చే భాగింప 4.2 మాత్రమే వచ్చినది. నేను కోపించి, అతనిని నలుగురియెదుట అబద్ధీకుడంటిని.

అతడు మారుపలుకక, తూనికలు కొలతల శాఖవారి ముద్రగల రాళ్లు తెచ్చి ఆ త్రాసునకే వ్రేలాడగట్టెను. 6 కిలోల రాళ్లకు అది 5 చూపినది! ఇంజను చేసినది సరిగా 5 గుర్రపుబలముల పనియే. అబద్ధమాడినది త్రాసు. ఆ నలుగురియెదుటనే క్షమింపుమని వేడితిని. గౌతముని న్యాయసూత్రములలో ద్వితీయాధ్యాయమున త్రాసే దృష్టాంతము: ఇతర వస్తువులకు ప్రమాణమైన త్రాసు, తానే పరీక్షకు వచ్చునపుడు ప్రమేయమగును. పిల్లలకు చెప్పితినిగాని, అక్కరపడినపుడు మరచితిని.

కావున కొలుచుటకు ముందు ఈ పనులు చేయవలెను. వట్టి త్రాసు సున్న చూపుచున్నదా యని చూడవలెను. ముద్రరాళ్లను ఒక్కొక్కటిగా ఎక్కించి, మరల ఒక్కొక్కటిగా దింపి, రెండుమారులును త్రాసు చూపిన అంకెలు వ్రాసికొనవలెను. ఎక్కునపుడొకటి, దిగునపుడొకటి చూపినచో స్ప్రింగు నమ్మదగదు. చేతియొక్క సొంత బరువును తీసివేయవలెను. త్రాసు లాగు దిశ చేతికి నిలువుకోణమున నుండవలెను.

నేటి పరీక్షాశాలలలో స్ప్రింగునకు బదులు సెన్సారు లుండును. ఉక్కుకడ్డీకి సన్నని లోహపుతీగెను గాని రేకును గాని అంటింతురు. బలము తగిలినపుడు కడ్డీ కంటి కగపడనంతగా సాగును. దానితో తీగెయు సాగి, విద్యుత్తునకు దాని నిరోధము మారును. ఆ మార్పే అంకెయై కనబడును. ఈ విద్య 1938 ప్రాంతమున అమెరికాలో పుట్టినది. ఎంత సూక్ష్మమైనను ఆ అంకెకు అర్థము చెప్పునవి తెలిసిన తూనికరాళ్లే: కొలిచిన చేతికి వానిని వ్రేలాడగట్టి, అంకెను సరిచూతురు. జిగురు వదలినను, వేడి మారినను అంకె తప్పును గనుక ఈ పరీక్ష మరల మరల జరుగవలెను. మన అనంతపురము జిల్లా గార్లదిన్నెలో వ్యవసాయ యంత్రములను పరీక్షించు కేంద్రప్రభుత్వ సంస్థ యున్నది.

ఊరి తగవులు తీర్చు పెద్దలు మీరు. యంత్రమునుగూర్చిన తగవు వచ్చినపుడు, అమ్మినవానిని గాని కొన్నవానిని గాని దూషింపకముందు, ఆ త్రాసును ఎవరు తూచిరని యడుగుడు. నే నడుగక తలవంచుకొంటిని. సెలవు.